ముప్ఫై ఎనిమిది సెకన్లు

హమాజిరి, ఓసుమి
సెప్టెంబరు 9

వాకనాకు,

ముందు తప్పు దిద్దుతాను, తరువాత క్షేమం అడుగుతాను. కృష్ణబిలం పీల్చదు. పోయిన ఉత్తరంలో "హిబినో సెన్సెయి గారి కృష్ణబిలం పక్క నక్షత్రాన్ని పీల్చేస్తోంది" అని రాశావు. అది ఇల్లు ఊడ్చే యంత్రం కాదు. పక్క నక్షత్రం నుంచి జారిన వాయువు దాని చుట్టూ తిరుగుతుంది, తనలో తాను ఒరుసుకుంటుంది, కాగుతుంది, కోటి డిగ్రీలకు చేరి ఎక్స్‌ కిరణాలు కక్కుతుంది, తిరిగే ఓపిక అయిపోయాక పడిపోతుంది. మనకు కనిపించేది పడిపోయిన సరుకు కాదు, పడబోయే సరుకు చేసే గోల. డాక్టరేటుకు నాలుగు నెలల దూరంలో ఉన్న పిల్ల "పీల్చేస్తోంది" అంటే పరీక్షకులు నీకు లెక్కలు ఎవరు నేర్పారని అడుగుతారు. నేర్పింది నేను.

ఉత్తరంలో ఋతువు గురించి ఒక వాక్యం ఉండాలి కాబట్టి రాస్తున్నాను: తుఫాను వచ్చింది, పోయింది, చిలగడదుంపలు బతికాయి.

ఇక నీ వార్త. నలభై రెండేళ్ళు నిద్రపోయిన ఆ చుక్క ఈ వేసవిలో మళ్ళీ లేచిందనీ, మీ ఉపగ్రహం చూస్తుండగా ఒకసారి భగ్గుమందనీ, పన్నెండు సెకన్లు చూశాక ఉపగ్రహం రేడియేషన్‌ పట్టీలోకి వెళ్ళి కళ్ళు మూసుకుందనీ రాశావు. రెండు పేజీల సంతోషం చదివాను. నువ్వు రాయనిది అడుగుతున్నాను. భగ్గుమన్నది దిగిన తీరు చూశావా? తీక్షణమైన కిరణాలు ముందు తగ్గాయా, మెత్తనివి ముందు తగ్గాయా?

ఎందుకంటే, తీక్షణమైనవి ముందు తగ్గి మెత్తనివి మెల్లగా తగ్గితే, అక్కడేదో మండి చల్లారుతోందన్న మాట. మండాలంటే సరుకు పోగుపడాలి. పోగుపడాలంటే కింద నేల ఉండాలి. కృష్ణబిలానికి నేల ఉండదు, అడుగు లేని గిన్నెలో అన్నం మాడనట్టే. నీకు తగిలింది నిజంగా మాడు వాసనే అయితే, హిబినో సెన్సెయికి పేరు తెచ్చిన కృష్ణబిలం అసలు కృష్ణబిలమే కాదు. బరువైన, గట్టి నేల ఉన్న న్యూట్రాన్‌ నక్షత్రం. పాఠ్యపుస్తకాల్లో రెండు పేజీలు, ఒక పతకం, రైలు లేని ఈ ఊరి బస్టాండులో ఒక గోడ బొమ్మ మార్చవలసి వస్తుంది.

నవంబరులో ఆయనకు ఎనభై ఎనిమిదేళ్ళ పండుగ. శిష్యులు ఆచారం ప్రకారం పసుపు కోటు తొడిగిస్తారట. ఆ చుక్క బొమ్మ వేసిన కేకు తెస్తారట. "కొండ మీద పాత రోజులు" అని నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. కొండ మీది ఉపగ్రహ కేంద్రంలో నేను ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను. ఉద్యోగం పేరు సహాయకురాలు. గణితంలో పట్టా ఉంటేనే తీసుకునేవారు, తీసుకున్నాక టీ పెట్టించేవారు.

కాబట్టి నీ మంట తోక దొరికే వరకు నోరు మూసుకో. ముసలాయన్ని కేకు తిననీ.

దుంపలు పంపాను. ఉడకబెట్టు. మైక్రోవేవ్‌లో పెడితే నాకు తెలుస్తుంది.

మిసావో నానమ్మ


హచియోజి
అక్టోబరు 2

నానమ్మా,

పీల్చదు. ఒప్పుకున్నాను. దుంపలు ఉడకబెట్టాను, సగం. మిగతా సగం గురించి అడగకు.

తోక లేదు. తీక్షణమైన కిరణాలు తగ్గడం మొదలైందో లేదో తెలిసేలోపే ఉపగ్రహం ఆగిపోయింది. సరిగ్గా నువ్వు అడిగిందే కుసుమి సెన్సెయి కూడా అడిగారు. మా గురువుగారు ఎంత మర్యాదస్థులో నీకు తెలుసుగా, తిట్టేటప్పుడు కూడా టీ పోస్తారు.

"ఒక్కటేనా?" అన్నారు.

"ఒక్కటే."

"తోక లేదు."

"లేదు."

"పట్టీ అంచుల్లో పరికరాలు తుమ్ముతుంటాయి, కొజోనో గారూ."

"రెండు పరికరాలు ఒకేసారి, ఒకే ఎత్తున తుమ్మవు కదా, సెన్సెయి."

"మీరనేది నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన అది నాలుగో అధ్యాయం అయిపోదు. రెండోసారి వచ్చినట్టు చూపించండి, తోకతో సహా."

రెండోసారి ఎక్కడి నుంచి తేను? చుక్క మళ్ళీ మసకబారిపోయింది. ఇంకో నలభై రెండేళ్ళకు లేస్తుందేమో, అప్పటికి నేను నీ వయసుకు దగ్గర పడతాను. జనవరి పదిన గ్రంథం ఇవ్వాలి. నాలుగో అధ్యాయం తీసేస్తే మిగిలేది చుక్క ఏ రోజు ఎంత వెలిగిందన్న పట్టిక, ఎండా వానా లెక్కలాంటిది. పట్టా రాకపోదు, కానీ ఏప్రిల్‌ నుంచి నాకు ఇస్తామన్న పరిశోధన ఉద్యోగం ఆ అధ్యాయం చూసి ఇస్తామన్నది. అది పోతే ఇన్సూరెన్సు కంపెనీలో ఎవరెప్పుడు పోతారో లెక్కలు కట్టాలి.

అందుకని పాత రికార్డుల్లో వెతుకుదామని గ్రంథాలయంలో 1980 ఆల్బం తెప్పించాను. మీ కాలపు చార్టులు, ఎరుపు కలం, నీలం కలం. ఎరుపు మెత్తని కిరణాలకు, నీలం తీక్షణమైన వాటికి, అవునా? పేజీ పేజీకీ నీ ముద్రే. ఉపగ్రహం కొండ చాటుకు పోయేటప్పుడు గీతలు పిచ్చిగా వస్తే ఆ ముక్క కోసేసి, అంచులు అతికించి, అతుకు మీద కోసినవాళ్ళు ముద్ర వేయాలి. పద్ధతి నువ్వే చెప్పావు. నూట నలభై అతుకులు లెక్కపెట్టాను, నూట ముప్ఫై తొమ్మిదింటికి ముద్ర ఉంది.

ఇరవై ఏడో పేజీలో అతుక్కి లేదు. అక్కడ గీతలు పిచ్చిగానూ లేవు, ఉపగ్రహం నడినెత్తిన ఉంది. సెకనుకు ఒక మిల్లీమీటరు కాగితం. నిమిషం గుర్తుకూ నిమిషం గుర్తుకూ మధ్య అరవై ఉండాలి, ఇరవై నాలుగే ఉంది. ముప్ఫై ఆరు సెకన్లు లేవు. తారీఖు చూశాను. కృష్ణబిలం దొరికిందని పేపర్లో పడిన రోజు.

నానమ్మా, సెన్సెయి గారే కోసేశారు. పేపర్లో వేయించుకున్న సాయంత్రమే అది భగ్గుమంది, ఆయన చూశారు, కోసి పారేశారు. నా రెండోది అదే. నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదా. ఆయన కోస్తుంటే చూశావా?

వాకనా


హమాజిరి
అక్టోబరు 9

వాకనాకు,

ముప్ఫై ఆరు కాదు, ముప్ఫై ఎనిమిది. అతుకు దగ్గర అంచుల మధ్య ఉన్న రెండు మిల్లీమీటర్ల సందును కూడా కాగితంగా కొలిచేశావు. నూట నలభై అతుకులు లెక్కపెట్టిన ఓపిక ఒక సందు చూడడానికి లేకపోయింది.

ఆ గదిలో కత్తెరలు మూడు ఉండేవి. మనుషులు ఏడుగురు. ఎవరి చేతిలో ఏముందో నలభై రెండేళ్ళ తరువాత ఉత్తరంలో అడిగే ప్రశ్న కాదు. ఆయన్ని పండుగలో అడిగే ప్రశ్న అంతకంటే కాదు. ఏమైనా అడిగావంటే నా పరువు సంగతి అలా ఉంచు, నీ గురువు టీ కూడా పోయడు.

మోకాలు వాచింది. పండుగకు రాలేకపోవచ్చు. పది నిమిషాల ప్రసంగం రాసి ఉంచాను, పోస్టులో పంపుతాను, ఎవరైనా చదువుతారు. అందులో నవ్వు వచ్చే చోట్లు నాలుగు ఉన్నాయి. చదివేవాళ్ళు ఆగాలి.

శోచు దుంపసారా బట్టీలు మొదలయ్యాయి. ఊరంతా ఆవిరి వాసన.

మిసావో


హచియోజి
నవంబరు 21

నానమ్మా,

నువ్వు రాలేదు. సెకన్లతో సహా గుర్తుంది, మోకాలు మాత్రం సరిగ్గా నేను అడిగిన వారమే వాచింది. నీ ఉత్తరం చదివాక నాకున్న ఆ కాస్త అనుమానం కూడా పోయింది. ముప్ఫై ఎనిమిది అని కొలవకుండా చెప్పావంటే ఆయన నీ కళ్ళ ముందే కోశారన్న మాట. ఇన్నాళ్ళూ ఆయన పరువు కాపాడుతున్నావు.

పండుగ చాలా గొప్పగా జరిగింది. నూట ఇరవైమంది. ఆయన్ని పసుపు కోటులో చక్రాల కుర్చీలో తెచ్చారు. నీ ప్రసంగం కుసుమి సెన్సెయి చదివారు. నాలుగు చోట్లా ఆగారు, మూడు చోట్ల నవ్వారు. నాలుగోది నువ్వు మంత్రిగారి టీలో ఉప్పు వేసిన సంగతి, మంత్రిగారి మీద నవ్వకూడదని ఎవరూ నవ్వలేదు, హిబినో సెన్సెయి ఒక్కరే నవ్వారు. కేకు మధ్యలో నల్లటి చాక్లెట్‌ గుంట. ఆ గుంట ముక్క ఆయనకే పెట్టారు. తిన్నారు.

తర్వాత నన్ను పిలిచారు. "మిసావో గారి మనవరాలా? ఆవిడ మోకాలు ఎలా ఉంది?" అన్నారు. నేను, "మోకాలు బాగానే ఉంది, సెన్సెయి. ఇరవై ఏడో పేజీ ఎలా ఉంది?" అన్నాను.

కోప్పడకు. అడగను అని నేనెక్కడా మాటివ్వలేదు.

ఆయన, "అది మిసావో గారిని అడగాలి" అన్నారు. తప్పు మళ్ళీ నీ మీదకే తోస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. కనీసం వంగి దండం కూడా పెట్టకుండా వచ్చేశాను.

బయట కోట్లు తీసుకునే చోట కుసుమి సెన్సెయి పట్టుకున్నారు. "ఏమడిగారు?" అన్నారు. చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది.

"కొజోనో గారూ, ఆ పేజీ అందరం చూశాం."

"అందరంటే?"

"నేను మొదటి ఏడాది విద్యార్థిగా ఉన్నప్పుడు చూశాను. నాకు ముందు వాళ్ళు చూశారు. తర్వాత వాళ్ళూ చూసే ఉంటారు. నిమిషం గుర్తులు లెక్కపెట్టడమే కదా మనకు మొదట నేర్పేది."

"మరి ఎవరూ అడగలేదా?"

"ఎవరిని అడుగుతాం? ఆయన గురువు."

కాబట్టి, నానమ్మా, నేను నిర్ణయించుకున్నాను. రెండో మంట దొరకదు, ఆ ముక్క ఎప్పుడో చెత్తబుట్టలో పడి ఉంటుంది. కానీ దాని ఖాళీ ఉంది. నాలుగో అధ్యాయంలో ఒక అధోజ్ఞాపిక రాస్తున్నాను: 1980 నాటి రికార్డులో ముప్ఫై ఎనిమిది సెకన్లను పరిశీలనకు బాధ్యుడైన వ్యక్తి తొలగించాడు అని. పేరు రాయను. బాధ్యుడు ఒక్కరే. ఈ నెలాఖరుకు చిత్తుప్రతి పరీక్షకులకు వెళుతుంది.

నువ్వు ఆపలేవు. ఆపాలంటే జరిగింది చెప్పు.

వాకనా


హమాజిరి
నవంబరు 24

వాకనాకు,

"పరిశీలనకు బాధ్యుడైన వ్యక్తి తొలగించాడు" అన్న వాక్యం కొట్టేయి. తొలగించింది నేను.

ఇది ఎక్స్‌ప్రెస్‌ పోస్టులో పంపుతున్నాను. పోస్టాఫీసు అబేమి గారు "ఎవరైనా పోయారా" అని అడిగింది. ఇంకా లేదు అన్నాను.

ఆ రోజు పొద్దున పేపరు వచ్చింది. మొదటి పేజీలో ఆయన బొమ్మ, పక్కన ఒక నల్ల గుండ్రం. కింద "జపాను కృష్ణబిలం" అని. ఆ చుక్క వెలుగు సెకనులో వందో వంతులో వణుకుతోందని మా చార్టుల నుంచి తేల్చాం. అలా వణికేది కృష్ణబిలమే అయి ఉండాలని అప్పట్లో అందరూ నమ్మేవారు. ఆయన తొందరపడలేదు, తనకు తెలిసినంతలో సరిగ్గానే చెప్పాడు. మేయరు మూడు కిలోల ఎర్రచేప మోయించుకుని కొండెక్కి వచ్చాడు. మహిళా సంఘం వాళ్ళు శుభకార్యాలకు వండే ఎర్ర అన్నం వండారు. జీవితంలో మొదటిసారి ఆయన పగలు శోచు తాగాడు, రెండు చిన్న గిన్నెలు.

సాయంత్రం అయిదుంబావుకు ఉపగ్రహం నెత్తిమీదికి వచ్చింది. అందరూ వాకిట్లో మేయరును సాగనంపుతున్నారు. మా వాళ్ళ సాగనంపడం నీకు తెలుసు, కారు మలుపు తిరిగేదాకా వంగుతూనే ఉంటారు, మలుపులు అక్కడ నాలుగు. యంత్రం దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. రెండు కలాలూ ఒక్కసారి లేచాయి. నీలం ముందు దిగింది. ఎరుపు నెమ్మదిగా, ఇష్టం లేనట్టు దిగింది. నేను గణితం చదివినదాన్ని. పిచ్చి గీతకూ మంట గీతకూ తేడా నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కిటికీలోంచి చూస్తే ఆయన మూడో మలుపుకు వంగుతున్నాడు.

ఈ రోజు కాదు, రేపు చెబుదామనుకున్నాను. ఆల్బం అతికించడం నా పని, ఆ రాత్రికే ఢిల్లీ నుంచి మా కేంద్రం చూడడానికి వచ్చిన శాస్త్రజ్ఞులకు చూపిస్తారన్నారు. బయటివాళ్ళ ముందు ఆయనకు అది తెలియకూడదని ఆ ముక్క కోసి పక్కన పెట్టాను. ముద్ర వేయలేదు. ముద్ర వేస్తే పిచ్చి గీతలని కోశానని అర్థం. అవి పిచ్చి గీతలు కావు. అబద్ధం మీద నా పేరు వేయలేను. చూశావా, నీతి ఎక్కడ దాకా పనిచేసి ఎక్కడ ఆగిపోయిందో.

ఆ రేపు ఆయన టోక్యో వెళ్ళాడు అభినందనలకు. ఆ ఎల్లుండి అక్కడి నుంచి క్యోటో. వచ్చాక మా అత్తగారు ఆసుపత్రిలో పడింది. ఆ తరువాత చుక్క మసకబారింది. టేపులు చాలక మూడు నెలలకోసారి చెరిపి మళ్ళీ వాడేవాళ్ళం, టేపూ పోయింది. మంచి సమయం చూసి చెబుదామని ఆగాను. నలభై రెండేళ్ళుగా ఆ మంచి సమయం కోసమే చూస్తున్నాను.

ఇదంతా మర్యాద అని నన్ను నేను నమ్మించుకున్నాను. అంత మంచిదాన్నేమీ కాదు. చెబితే ఆయన నా చేతిలో ముక్క చూసి, ఏడుగురి ముందూ, "మిసావో గారూ, అది పరికరం తుమ్మింది లెండి, ఇంకొంచెం టీ" అంటాడేమోనని భయం. ఆయన అలాంటివాడు కాదు. అనడని తెలిసీ భయపడ్డాను.

ముక్క పారేయలేదు. రెండు గాజుపలకల మధ్య పెట్టి, నల్లగుడ్డ చుట్టి, ఇన్నాళ్ళూ పెళ్ళి కిమోనో కింద దాచాను. కిమోనోకు పురుగు పట్టింది, దానికి పట్టలేదు. రిజిస్టరు పోస్టులో వేరుగా వస్తోంది. సంతకం పెట్టి తీసుకో.

ఇవాళే ఆయనకూ రాశాను. నీకు రాసినంత పొడుగు కాదు. జవాబు వచ్చేదాకా అధ్యాయంలో ఒక్క అక్షరం కలపకు. నీ ఉద్యోగం ముఖ్యమే. కానీ ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి తన తప్పు నీ గ్రంథంలో చదివి తెలుసుకోకూడదు. ముందు నా ఉత్తరంలో చదవాలి.

ఆయన దగ్గర వంగకుండా వచ్చేశావన్నావు. ఆ విషయం నేను మరచిపోను.

నానమ్మ


హచియోజి
డిసెంబరు 5

నానమ్మా,

ముక్క వచ్చింది. రెండు రోజులు నీకు రాయలేకపోయాను. కోపం వల్ల కొంత. ఆయన మొహం మీద నేనన్న మాట గుర్తొచ్చి కొంత.

కొలబద్ద పెట్టి కొలిచాను. ముప్ఫై ఎనిమిది. నీలం తొమ్మిది సెకన్లలో దిగింది, ఎరుపు ఇరవై రెండు సెకన్లు పట్టింది. నా పన్నెండు సెకన్లను దాని పక్కన పెడితే ఎక్కే తీరు ఒకేలా ఉంది. నాకు తోక లేదు, నీ దానికి ఉంది. మండి చల్లారింది. అక్కడ నేల ఉంది, నానమ్మా. అడుగున్న గిన్నె. ఆ రాత్రి... వద్దులే, ఏడ్చాను అని రాస్తే నవ్వుతావు.

కుసుమి సెన్సెయికి చెప్పాను, ఎవరు కోశారో కూడా. ఆయన టీ పోయడం మరచిపోయారు.

"ముప్ఫై ఏళ్ళుగా మనసులో ఆయన్ని క్షమిస్తూ వస్తున్నాను" అన్నారు. "ఆయనకు ఆ అవసరమే లేదన్న మాట."

"నాలుగో అధ్యాయం ఉంచవచ్చా, సెన్సెయి?"

"ఉండండి. పరీక్షకులు ఏమంటారో ఆలోచించండి. అభ్యర్థిని వాళ్ళ నానమ్మ పెళ్ళి బట్టల కింద నుంచి సాక్ష్యం వచ్చింది."

"అంచులు అతుకుతాయి. నిన్న గ్రంథాలయంలో పెట్టి చూశాను. కత్తెర వంకర కూడా కలిసింది."

"చూసింది మీరు. అది చాలదు. ఆ పరిశీలనకు బాధ్యులు చూసి, ఇది మా రికార్డే అని రాసివ్వాలి."

అంటే హిబినో సెన్సెయి. తన కృష్ణబిలం కృష్ణబిలం కాదని తన చేత్తో రాసివ్వాలి. అదీ నేను అన్న మాట తర్వాత. జనవరి పది లోపల. ఆయన రాయకపోతే అధ్యాయం తీసేస్తానని కుసుమి సెన్సెయికి మాటిచ్చాను. ఇన్సూరెన్సు కంపెనీ దరఖాస్తు కూడా నింపి పెట్టుకున్నాను, ఎవరెప్పుడు పోతారో.

ఆయన దగ్గర నుంచి ఏమైనా వచ్చిందా?

వాకనా


హమాజిరి
డిసెంబరు 27

వాకనాకు,

ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు ఎవరెప్పుడు పోతారో లెక్కకట్టరు, ఎంతమంది పోతారో లెక్కకడతారు. దరఖాస్తులో అలా రాసి ఉంటే చింపెయ్యి. ఎలాగూ చింపెయ్యి.

జవాబు వచ్చింది. నెల పట్టింది. కుంచెతో రాయాలని పట్టుబట్టి నాలుగు కాగితాలు పాడుచేశారట, ఆయన కోడలు ఫోనులో చెప్పింది. ఉన్నదున్నట్టు కాపీ చేస్తున్నాను.

"కొజోనో మిసావో గారికి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేకుండా చదివి, మీకు ఏదో జబ్బు అనుకుని కంగారుపడ్డాను. నేను క్యోటో నుంచి వచ్చిన రోజే ఇరవై ఏడో పేజీ చూశాను. గుర్తుల మధ్య ఇరవై రెండు మిల్లీమీటర్లే ఉంది. మీ ముద్ర లేదు. పదకొండేళ్ళలో మీరు ముద్ర మరచిపోయింది అదొక్కసారే. మీ అత్తగారి ఆరోగ్యం బాగాలేదని విన్నాను. అలసటలో టీ ఒలకబోసుకుని ఉంటారు, పాడైన ముక్క తీసేసి చెప్పడానికి మొహమాటపడుతున్నారు అనుకున్నాను. అడిగితే మీకు ఇబ్బంది. మీరే చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. ఆగాను. ఆ చుక్కను ఎన్నో ప్రశ్నలు అడిగాను. పక్క బల్ల దగ్గర కూర్చున్నవారిని ఒక్కటి అడిగి ఉంటే సరిపోయేది. అది నా తప్పు, మీ తప్పు కంటే పెద్దది, ఎందుకంటే అడగడమే నా ఉద్యోగం.

"కృష్ణబిలం అన్నది నేను. కాదని చెప్పవలసింది కూడా నేనే. మీ మనవరాలికి కావలసిన కాగితం రాసిస్తాను. అయితే చూడకుండా రాయను. ఆ ముక్కను ఆ పేజీలో పెట్టి, అంచులు కలిశాయో లేదో కొలబద్దతో చూసి, కలిస్తేనే సంతకం. ఎనభై ఎనిమిదేళ్ళు వచ్చాయని కొలవకుండా సంతకాలు పెట్టడం మొదలుపెట్టలేను. ఆల్బం గ్రంథాలయం దాటి రాదంటున్నారు కాబట్టి నేనే వస్తాను. మీరూ రావాలి. మీ మనవరాలు నన్ను అడిగిన తీరు నాకు నచ్చింది. మన కేంద్రంలో అలాంటి మనిషి ఒక్కరున్నా బాగుండేది. కేకు తినేశాను, అది మాత్రం వెనక్కి ఇవ్వలేను."

ఇంతే. కింద ముద్ర ఉంది.

నేను ఈ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఆయన నన్ను కాపాడుతున్నాననుకున్నారు, నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను, మీ కుసుమి ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాడు. నువ్వు నన్ను కాపాడడానికి ఆయన మీద పడ్డావు. ఇంతమంది ఇంత శ్రద్ధగా కాపాడితే, ఒక న్యూట్రాన్‌ నక్షత్రం నలభై రెండేళ్ళు కృష్ణబిలంగా చలామణీ కావడంలో ఆశ్చర్యం లేదు. దాని అదృష్టం, ఈ సంగతి దానికి తెలియదు.

అంచులు కలుస్తాయి. నేను కోసిన కత్తెర నాకు తెలుసు. కాబట్టి అధ్యాయం రాయడం మొదలుపెట్టు, ఖాళీ వదిలి కాదు, పూర్తిగా. "ముక్కను తొలగించినవారు: కొజోనో మిసావో, సహాయకురాలు" అని నా పేరు రాయి. "నానమ్మ" అని రాయకు, పరీక్షకులకు బంధుత్వాలు అనవసరం. ఆయన్ని చూడగానే వంగు. క్షమాపణ ప్రసంగం వద్దు. వంగడమే చాలాసేపు వంగు, ఆయన "చాలమ్మా" అనేదాకా.

జనవరి ఆరు, శుక్రవారం, పదకొండు గంటలు. ఆయన ఒదవారా నుంచి కొడుకు కారులో వస్తారు. నేను ముందురోజు విమానంలో వస్తాను, మోకాలు నాతోపాటే వస్తుంది, దానికి వేరే టిక్కెట్టు అడగలేదు.

నువ్వు చేయవలసిన పని ఒకటుంది. గ్రంథాలయం అయిదో తారీఖున తెరుస్తారు. ఆ పొద్దున్నే వెళ్ళి, చదివే గదిలో కిటికీ పక్క పొడుగు బల్ల మా పేరున రాయించు. చేతులున్న కుర్చీలు రెండు వేయించు, చేతులు లేని కుర్చీలోంచి మా ఇద్దరిలో ఎవరం లేవలేం. అక్కడ లేకపోతే గ్రంథాలయాధికారి గదిలోవి అడుగు, మర్యాదగా, కానీ తీసుకునే రా. రెండూ బల్లకు ఒకే వైపు వేయించు. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరికి చార్టు తలకిందులుగా కనిపిస్తుంది. కుసుమికి మామూలు కుర్చీ చాలు.

మిసావో నానమ్మ